చెమట సూదులు

చెన్నైలో ఒక స్కిన్ క్లినిక్‌లో, చంకల్లో చెమటా వాసనా తగ్గించే సూదుల కోసం భయపడుతూ కూర్చుని ఉన్నాను. అవే సూదులు వేయించుకుని లోపలినుంచి వచ్చిన ఒకామె నా పక్కన కూర్చుంది. ఫోనులో నా తెలుగు విన్నట్టుంది.

“భయపడబాకక్కా. చీమ కుట్టినట్టు ఉంటాది, అంతే.”

ఆమె జార్జి టౌన్‌లో ఒక చీరల అంగట్లో పనిచేసేదట. చెయ్యెత్తి చీర చూపిస్తుంటే యజమాని కొనేవాళ్ళ ముందే ముక్కు మూసుకుని, గోడౌన్‌లోకి పొమ్మన్నాడట.

“వచ్చే వారం ఎదురంగట్లో చేరతా ఉండా. వాకిట్లోనే నిలబడి చీరలు చూపిస్తా. ఆయన చూడాల.”

“దీని గుణం కొన్నాళ్ళేనటగా?” అన్నాను.

“ఆ కొన్నాళ్ళు చాలక్కా. ఆలోపల ఆయన గిరాకీనంతా ఇవతలికి లాగేస్తా.”

ఆమె నవ్వలేదు. పేరైనా చెప్పకుండా లేచి వెళ్ళిపోయింది.

నర్సు నన్ను పిలిచింది. నేను దగ్గరికి వెళితే చాలు, ఫ్యాను పెంచమని అందరికీ వినబడేలా చెప్పే మా మేనేజరు గుర్తొచ్చాడు. చేతులు రెండూ తలపైకి పెట్టి పడుకున్నాను. సూదులు దిగుతున్నంతసేపూ అతని మొహమే తలుచుకున్నాను. కళ్ళు మూసుకోలేదు.