సినిమా అయ్యాక మైకు అందుకున్న ఇద్దరు

పోయిన వేసవిలో ఒక ఆదివారం సాయంత్రం స్టీల్‌ప్లాంట్ ఉద్యోగులుండే ఉక్కునగరంలోని ఒక హాల్లో సినిమా వేశారు. నేను పాఠాలు చెప్పే దువ్వాడ కాలేజీలో తోటి లెక్చరర్ ఒకామె అక్కడి క్వార్టర్స్‌లోనే ఉంటుంది. "సినిమా అయ్యాక చూసినవాళ్లతో అభిప్రాయాలు చెప్పిస్తారు, మీ నాన్నగారిని తీసుకురా" అంది. ఎనభైల నాటి కథట, కామెడీ అట. ఇద్దరు సేల్స్‌మన్లు ఒకరి బేరం ఒకరు చెడగొట్టుకుంటారట.

మా నాన్న కూడా సేల్స్‌మనే. క్వార్టర్స్ కొత్తగా నిండుతున్న రోజుల్లో సంచీలో మిక్సీ పెట్టుకుని సెక్టార్లన్నీ తిరిగేవారు. చీపురుపల్లి దగ్గర పల్లెలో పొలం పనులు మాని వచ్చిన మనిషి, గుమ్మంలో నిలబడి నాలుగు మాటల్లో ఇంటివాళ్లను నవ్వించేవారు. అలాంటాయన రెండేళ్లుగా మాట్లాడటమే తగ్గించేశారు. మోకాళ్ల నొప్పులని బయటికి వెళ్లటం మానేసి బాల్కనీలో కూర్చునేవారు. అమ్మ ఏదైనా అడిగితే "ఊఁ" అనేవారు, అంతే.

"ఏటుంటాది సినిమాలో?" అన్నారు బయలుదేరమంటే.

"కుట్టుమిషన్లు అమ్మేవాళ్లిద్దరు పోట్లాడుకుంటారంట నాన్నా."

"అందులో నవ్వడానికేటుంది?" అన్నారు గానీ, లేచి చొక్కా మార్చుకున్నారు.

సినిమా సరదాగానే నడిచింది. ఒకచోట ఒకడు రెండోవాడి మిషన్‌లోంచి చిన్న స్క్రూ తీసేస్తాడు. అది తెలియక వాడు పదిమంది ఆడవాళ్ల ముందు మిషన్ తొక్కితే, సూది ఊడి ఎగిరి ఇంటాయన పంచెకు గుచ్చుకుంటుంది. హాలంతా పడీపడీ నవ్వింది. నేనూ నవ్వుతూ నాన్న వైపు తిరిగాను. ఆయన నవ్వలేదు. ముందు కుర్చీని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నారు.

లైట్లు వేశాక మైకు చేతులు మారింది. పాటలు బాగున్నాయని ఒకావిడ అంది. ఆ కాలంలో అలాంటి స్కూటర్లు లేవని రిటైరైన ఫోర్‌మన్ ఒకాయన తప్పుపట్టారు. భార్యల పాత్రలకు రెండేసి మాటలే ఇచ్చారని మా లెక్చరర్ విసుక్కుంది. అంతలో నాన్న లేచి మైకు అడిగారు.

"నాను ఇదే పని పాతికేళ్లు సేసినోణ్ణి" అన్నారు. "సినిమా బాగుంది. ఆ స్క్రూ కాడ మటుకు నాను నవ్వలేదు. నా మిక్సీ మూతలో రబ్బరు రింగు అలాగే తీసేసేరు ఒకరు. ఆన్ సేసేసరికి మూత లేచిపోయి కొబ్బరి పచ్చడి గోడ నిండా, ఇంటావిడ సీర నిండా, నా సొక్కా నిండా. అందరూ నవ్వేరు. ఆ వీధిలో మళ్లీ నాకు తలుపు తీసినోళ్లు లేరు. ఇంట్లో ఏటి సెప్పాలో తెలీక బస్టాప్‌లోనే కూకుండిపోయేను. ఈ సినిమాలో ఆడు మర్నాడే ఈల ఏసుకుంటా తిరుగుతాడు. తిరగలేడు. అదొక్కటి తప్పు."

ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు. నాన్న మైకు ఇచ్చేసి కూర్చున్నారు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను.

వెనక వరుసలోంచి సన్నటి పెద్దాయన ఒకరు లేచారు. చూడగానే గుర్తుపట్టాను. చిన్నప్పుడు కూర్మన్నపాలెం జంక్షన్‌లో ఆయన కనబడితే నాన్న నా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించేసేవారు. ఎందుకని అడిగితే "వేరే కంపెనీ ఆయన" అనేది అమ్మ.

"నాదీ ఒక అభిప్రాయమండి" అన్నారాయన, గోదావరి యాసలో. "నేనూ మిక్సీలమ్మినవాణ్ణేనండి. ఆ స్క్రూ తీసేవాడు నవ్వుతా తీసినట్టు చూపించారండి. నవ్వు రాదండి. చేతులు చల్లబడిపోతాయి. అప్పటికి మూడు నెలల్నించి ఒక్క ఆర్డరు లేదు నాకు, తీసేస్తామని కంపెనీవాళ్లు ఉత్తరం రాశారు. ఈయన టీకి వెళ్తా, సంచీ చూస్తుండమని నాకే అప్పజెప్పారండి. ఆ రింగు తీసింది నేనేనండి."

మైకు వెనక్కి తీసుకోవాలో వద్దో నిర్వాహకులకు తోచలేదు. ఆయనే దాన్ని పక్కవాళ్లకిచ్చి బయటికి నడిచారు.

నాన్న నా చెయ్యి విడిపించుకుని ఆయన వెనకే వెళ్లారు. గొడవవుతుందేమోనని నేనూ పరుగెత్తాను. మెట్ల దగ్గర ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు.

"సెప్పడానికి ముప్పై ఏళ్లు పట్టిందేటి?"

"మీ వీధి దాకా చాలాసార్లు వచ్చానండి. మీరు నన్ను చూసి రోడ్డు దాటేసేవారు. నాకూ అదే వీలుగా ఉండేదండి."

నాన్న మెల్లగా అన్నారు. "మీ కంపెనీ మూసేత్తన్నారని, పార్టులు దొరకవని ఇంటింటికీ సెప్పింది నానే. నీకు ఆర్డర్లు ఆగిపోయింది అందుకే."

ఆ పెద్దాయన ముఖంలో రంగు మారింది. మెట్టు మీద కూర్చుండిపోయారు. నాన్నకు అన్యాయం జరిగిందని నేను అనుకుని పది నిమిషాలైనా కాలేదు. ఇప్పుడు ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. కాసేపటికి నాన్న కూడా మోకాళ్లు పట్టుకుని ఆయన పక్కనే చతికిలబడ్డారు. క్షమించమని ఇద్దరిలో ఎవరూ అనలేదు. "టీ తాగుదాం, నడు బావా" అన్నారు నాన్న. ఆయన చెయ్యి అందిస్తే నాన్న లేచారు.

ఇంటికొచ్చి నాన్న అమ్మకు అంతా చెప్పారు. అమ్మ బెండకాయలు తరగడం ఆపింది. "బస్సులో ఎవరో పచ్చడి గిన్నె ఒంపేసేరని సెప్పేరు కదా నాతోటి. ఆ సొక్కా మూడుసార్లు ఉతికేను నాను" అంది. నాన్న నవ్వారు. అంత నవ్వు మా ఇంట్లో విని ఎన్నాళ్లయిందో.

ఇప్పుడు ఆ పెద్దాయన ఉదయాన్నే గాజువాక నుంచి బస్సెక్కి మా ఇంటికి వస్తారు. ఇద్దరూ స్టేషన్ రోడ్డు చివరిదాకా నడిచి వస్తారు. హాల్లో ఏ సినిమా వేసినా మానరు. చెరో మూడు నిమిషాలే మాట్లాడాలని నిర్వాహకులు కట్టడి చెయ్యాల్సి వచ్చింది. ఆ కామెడీ గురించి నా పక్కన కూర్చుని చెప్పి, ఇంటర్నెట్‌లో రాయించారు కూడా. నాన్న మూడు స్టార్లన్నారు, ఆయన నాలుగన్నారు. ఎంతకీ తేలకపోతే ఇద్దరివీ విడివిడిగా పెట్టాను.

కొన్నాళ్లకు వాటి కింద ఒకావిడ రాసింది. ఆ రోజుల్లో తమ గుమ్మంలోకి వచ్చిన సేల్స్‌మన్ దగ్గర కొన్న మిక్సీ ఇంకా తిరుగుతోందట. అది ఎవరు అమ్మిందో తేల్చుకోవాలని ఇద్దరికీ నిద్రపట్టలేదు. నా చేత అడ్రసు కనుక్కుని, ఆవిడ రమ్మన్న రోజున బయలుదేరి వెళ్లారు. తీరా చూస్తే అది ఇద్దరి కంపెనీలదీ కాదట. ఆవిడ మాత్రం కూర్చోబెట్టి ఉప్మా పెట్టి, రెండు గంటలు కబుర్లు చెప్పించుకుని పంపిందట.

"ఆ మిక్సీ సౌండెక్కువ" అన్నారు నాన్న, చెప్పులు విప్పుతూ.

"మోటారు కూడా వేడెక్కుతోందండి" అన్నారాయన.