అత్తగారి ముందు బుస్సుమన్న ఇంజను

డెబ్బైల చివర్లో, పెళ్లయిన కొత్తలో, నేను ఆవిరి ఇంజనులో బొగ్గు వేసే ఫైర్‌మన్‌ని. ఒకరోజు మా బండి జహీరాబాద్ స్టేషన్‌లో ఆగేసరికి అత్తగారు జొన్నరొట్టెల మూటతో ఇంజను దగ్గరికి వచ్చారు. అల్లుడి పనితనం చూపిద్దామని, ఆవిరి ఒత్తిడి చూపే గేజు ముల్లు కూడా చూసుకోకుండా, పొయ్యిలోకి పారతో ఎడాపెడా బొగ్గు విసిరాను. బండి కదలకపోతే ఆవిరి ఎటు పోతుంది? ఇంజను నెత్తిన సేఫ్టీ వాల్వు తెరుచుకుని చెవులు చిల్లులు పడేలా బుస్సుమంది.

"ఓ యవ్వో, పేల్తది!" అంటూ అత్తగారు రొట్టెలు వదిలేసి పరుగో పరుగు.

డ్రైవర్ సాబ్ నవ్వు ఆపుకోలేక, "ఆవిరి బండి గుంజనీకి బేటా, అత్తకు చూపెట్టనీకి గాదు" అన్నాడు. ముఖమంతా మసి కాబట్టి నా సిగ్గు ఎవరికీ కనిపించలేదు.

ఇప్పటికీ ఇంట్లో నేను గొంతు పెంచితే మా ఆవిడ తల కూడా ఎత్తదు. "బండి ఆగినంక బొగ్గెందుకు?" అంటుంది.