దాతగారి ఉగాది పచ్చడి

మొన్న మధ్యాహ్నం అన్నం తిని కాస్త నడుం వాల్చుదామనుకునేసరికి ఫోనుకు ఒక వీడియో వచ్చింది. మా అక్క మనవరాలు, ఇంకా పదేళ్లు నిండని పిల్ల, ఇస్త్రీ చేసిన యూనిఫారంలో నిలబడి రెండు చేతులూ జోడించి, తాను కడు పేద గిరిజన కుటుంబంలో పుట్టాననీ, తన ఫీజు కడుతున్న అంకుల్ గారికి జీవితాంతం రుణపడి ఉంటాననీ గడగడా అప్పజెప్పింది. ఆ పిల్ల చదివే రెసిడెన్షియల్ స్కూలు వాళ్లు ఉచిత సీటు పిల్లలందరి చేతా ఇలాగే చెప్పించి గ్రూపుల్లో పెట్టారట. కింద వరసగా చప్పట్ల బొమ్మలు. నాకు ఒళ్లు మండిపోయింది. నర్సుగా రిటైరై, ఖమ్మం ఖానాపురం హవేలిలో చిన్న ఇల్లు కట్టుకుని, వేళకు బీపీ మాత్ర వేసుకుంటూ పద్ధతిగా బతుకుతున్నదాన్ని, ఆ పూట మాత్ర కూడా నన్ను చల్లబరచలేకపోయింది.

మేము కోయవాళ్లం. మాది పర్ణశాల దాటి అడవిలోకి నడిచి వెళ్లవలసిన ఊరు. నా ఈడువాళ్లలో హాస్టలు తిండి తిని పైకి వచ్చినవాళ్లు చాలామందే ఉంటారు కనుక ఆ నీళ్లచారు రుచీ, తెల్లవారుజాము గంటా మీకు వేరే చెప్పనక్కర లేదు. ఖమ్మంలో రైసు మిల్లు ఉన్న ఒక పెద్దమనిషి అడవి ఊళ్ల ఆడపిల్లలు కొందరికి పట్నంలో హాస్టలున్న ప్రైవేటు బడిలో ఫీజు కట్టి చదివించేవాడు. అలా ఒకే ఏడు మా అక్కకు ఎనిమిదిలో, నాకు ఐదులో సీట్లు వచ్చాయి. ఆయనను మేము దాతగారు అనాలి. మమ్మల్ని మాత్రం అందరూ ఉచితం పిల్లలు అనేవారు, టీచర్లతో సహా. మా ఊరికి టీకాలు వేయడానికి వచ్చే నర్సమ్మను చూసి అక్క తానూ నర్సు కావాలని చిన్నప్పుడే తీర్మానించుకుంది. లెక్కల్లో ఎంత చురుకంటే, పై తరగతి పిల్లలు రహస్యంగా వచ్చి దాని దగ్గర చెప్పించుకునేవారు.

ఆ ఏడు ఉగాదికి ఫీజు కట్టే పిల్లలందరూ ఇళ్లకు వెళ్లారు, మమ్మల్ని ఆపేశారు. దాతగారు స్వయంగా వచ్చి తన చేత్తో మాకు ఉగాది పచ్చడి పోస్తారట, ఫోటోలు తీస్తారట. తలకు నూనె పెట్టి, రెండు జడలు బిగించి, ఎండలో వరసగా నిలబెట్టారు. ఒక్కొక్క పిల్ల దోసిలి పట్టడం, ఆయన గరిటెతో పోయడం, తాగి కాళ్లకు దండం పెట్టడం.

మా ఊళ్లలో మామిడి పండుగ అయ్యేదాకా కొత్త మామిడికాయ ఎవరూ నోట పెట్టరు. పూజారి భూమి తల్లికి తొలికాయలు పెట్టి, చనిపోయిన పెద్దలను తలుచుకున్నాకే ఊరంతా కలిసి తింటాం. ముందే తింటే ఊరికి కీడని మా నమ్మకం. ఆ ఏడు మా పండుగ ఇంకా కాలేదు. పచ్చడిలో మామిడి ముక్కలు తేలుతున్నాయి. అక్క దోసిలి పట్టలేదు.

"మా ఊళ్లె మామిడి పండుగ కాలే సారూ, కొత్త కాయ తినం" అంది మెల్లగా. వార్డెనమ్మ ఊరుకుంటుందా, తేరగా తినేదానికి ఇది తింటా అది తిననా అని అందరి ముందూ కేకలు వేసింది. వెనక నేనున్నాను. అక్క నాకు అడ్డంగా చెయ్యి పెట్టి, "చెల్లెకేం తెల్వదు, నేనే వద్దన్న" అంది. దాతగారు చేతి రుమాలుతో వేళ్లు తుడుచుకుని కారెక్కారు.

ఆ వారంలోనే అక్క సీటు తీసేశారు. ప్రార్థనలో నిలబడి క్షమించమని అడిగితే ఆలోచిస్తారట. కబురు అంది మా నాయన వచ్చాడు. గేటు దగ్గర వార్డెనమ్మతో, "నా బిడ్డ దొంగతనం చేసిందా, ఎవర్నన్న తిట్టిందా అమ్మా? వద్దన్నది, గంతే గద" అన్నాడు. తప్పు చేస్తే క్షమించమని అడుగుత, చెయ్యలే అంది అక్క. నాయన దాని రేకుపెట్టె భుజాన పెట్టుకుని, నన్ను మాత్రం ఉండి చదువుకోమని మా భాషలో చెప్పి వెళ్లిపోయాడు.

అక్క మిరప తోటల్లో కూలికి పోయింది, పెళ్లయ్యాక నాట్లకు పోయింది. దాతగారి పేరు ఊళ్లో గోడలకెక్కింది. ఆయన అన్నం తినే కదమ్మా నువ్వు నర్సువయ్యావు అని నాతో అన్నవాళ్లున్నారు. తిన్నాను, కాదనను. కానీ లెక్కల్లో అంత తెలివైన పిల్లను ఒక గరిటెడు పచ్చడి కోసం బడి నుంచి వెళ్లగొట్టినవాణ్ని నేను చచ్చేదాకా క్షమించను. పెట్టిన చేతికి ఎదురుచెప్పే హక్కు పిల్లలకు ఉండదని రాసిపెట్టిన శాస్త్రం ఏదైనా ఉంటే నాకు చూపించండి.

వీడియో చూసిన ఆవేశంలో అక్కకు ఫోను చేసి, రేపే వెళ్లి స్కూలు వాళ్లను కడిగేస్తానని అరిచాను. అక్క తాపీగా విని, "చేతులు జోడిస్తే అరుగుతయా ఏందే చెల్లె? మంచిగ చెప్పమని నేనే నేర్పిన. సీటు పోతే పోరి మళ్ల మిరప తోటకే గద" అంది.

మా ఊరికి తారు రోడ్డు వచ్చింది, బస్సు వచ్చింది, చదువుకున్న పిల్లలు వచ్చారు. మార్పు అంటే ఇదేనని నేనూ సంతోషించినదాన్నే. ఆ రోజు గేటు దాటి తలెత్తుకుని వెళ్లిన మా అక్కను వాళ్లు వంచలేకపోయారని ఇన్నేళ్లూ కనిపించినవాళ్లందరికీ గర్వంగా చెప్పుకుంటూ వచ్చాను. వంచారు. కాస్త ఆలస్యమైందంతే.