పాటిమన్ను తోలిన చేను

ఎండాకాలంలో కోరుట్ల రోడ్డు మీద పాటిమన్ను ట్రాక్టరు ముందు పోతుంటే తడి బూడిదలాంటి వాసన ముక్కుకు తగులుతుంది. పాత ఊరు కూలి దిబ్బగా మిగిలిన చోటును మావైపు పాటిగడ్డ అంటారు. ఆ మన్ను చేనుకు బలమని రైతులు తాతల నాటి నుంచి తోలుకుంటున్నారు. ఆ వాసన రాగానే జగిత్యాలలో నాకు చరిత్ర చెప్పిన సారు గుర్తొస్తారు. వెంటనే సిగ్గు, ఆ వెనకే కోపం.

సారు దగ్గర చదివే నేనూ లెక్చరర్‌నయ్యాను. ప్రమోషన్‌కు ఒక వ్యాసం అచ్చు కావాల్సి వచ్చింది. బుగ్గారం దగ్గర ఒక చేనులో పాత కుండపెంకులు కనిపిస్తే, అక్కడ ప్రాచీన గ్రామం ఉండేదని రాసి, ఇంటర్నెట్‌లో దొరికిన ఒక పురావస్తు పత్రికకు పంపాను. పండితులు పరిశీలించాకే వేస్తామని వాళ్లు గొప్పగా రాసుకున్నారు. వారం తిరగకముందే, ఒక్క ప్రశ్న అడగకుండా వేశారు. నా పేరు పక్కన సారు పేరూ పెట్టాను. గురుదక్షిణ అనుకున్నాను.

వ్యాసం చేతిలో పెడితే సారు మొహం వికసించలేదు. “గా చేన్లకు మన్ను ఎక్కడికెల్లి అచ్చింది? రైతును అడిగినవా?”

అడగలేదన్నాను.

“పాటిమన్ను తోలుకుంటరని నీకెరుక లేదా? మీ నాయిన తోలలే?”

తోలాడు. ఆ బండి మీద కూర్చొని నేనూ పోయాను. ఏదో పాటిగడ్డలోని పెంకులు మన్నుతో పాటు వచ్చి ఆ చేలో పడితే, లేని ఊరిని నేను పుట్టించాను.

తర్వాత సారు పత్రిక వివరాలు తీయించారు. చిరునామాలో ఊరుంది, వీధి లేదు. సంపాదక మండలిలో ఉన్న ఒక ప్రొఫెసర్‌ను యూనివర్సిటీ ద్వారా ఫోన్లో పట్టుకున్నారు. ఆ పత్రికను తానెన్నడూ చూడలేదనీ, తన పేరు తీసెయ్యమని ఎన్నిసార్లు రాసినా పలకరనీ ఆయన మొత్తుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. ఒక మనిషి పేరును అడగకుండా ఎట్లా వాడుకుంటారని గొంతు పెంచాను. సారు ఫోన్ పక్కన పెట్టి నావైపు చూశారు.

“నా పేరు పెట్టెటప్పుడు నన్ను అడిగినవా?”

ఆ వ్యాసం తీసెయ్యమని ఇప్పటికీ రాస్తూనే ఉన్నాను. మరో వ్యాసం పంపండి అన్న ఆహ్వానమే తప్ప జవాబు లేదు. సారు పోయారు. పేరు అక్కడే ఉంది. చదువు పేరిట దుకాణం పెట్టి, పోయిన మనిషిని కూడా అబద్ధానికి సాక్షిగా నిలబెట్టిన వాళ్ల మీద నా కోపం చల్లారదు. కాని ఆ దుకాణంలోకి సారును తీసుకుపోయింది నేనే.

మొన్న సిరిసిల్ల నుంచి వచ్చే విద్యార్థిని ఒకామె అదే పత్రిక పేరు చెప్పి, తన వ్యాసం దానికి పంపొచ్చా అని అడిగింది. జవాబుగా నా వ్యాసమే తెరిచి చూపించాను. “గీ రెండో పేరు ఎవలది సార్?” అంది.

“మా సారుది. అడగకుండ రాసిన.”

ఆమె తన కాగితాల మొదటి పేజీ నావైపు తిప్పింది. తన పేరు పక్కన నా పేరుంది. నేను పెన్ను తీసి నా పేరు కొట్టేసి, ఒకప్పుడు సారు నా ముందు కూర్చున్నట్టే ఆమె ఎదురుగా కూర్చున్నాను.

“ఇగ చెప్పు బిడ్డా. ఎవలను అడిగి రాసినవు?”