మా యన్నకు సెప్పండి సార్

పుంగనూరు నుంచి మదనపల్లెకు నా దగ్గర చూపించుకోవడానికి వచ్చే ఆ పాడిరైతు, ఎప్పుడూ భార్యను కుర్చీలో కూర్చోబెట్టి తాను నిలబడేవాడు. స్టెంటు వేసిన కొన్ని నెలలకే ఆయన గుండె రక్తనాళం మళ్ళీ సన్నబడింది. ఆమె వంటలో నూనె ఎక్కువని చుట్టాలు ఆడిపోసుకున్నారట.

"స్టెంటు ఒరుసుకున్నచోట గాయం మాన్పమని కొన్ని ప్రొటీన్లు కణాలకు కబురు మోస్తాయి. ఆ కబురు ఆగకపోతే కణాలు అతిగా పెరిగి నాళం గోడ మందమవుతుంది," అన్నాను.

"అయితే ఈమె వంట వల్ల గాదా సార్?"

"కాదు."

వెంటనే ఫోన్ కలిపి నా చేతికిచ్చాడు. "ఆ మాట మా యన్నకు సెప్పండి సార్. నేను సెప్తే నమ్మడు."

చెప్పాను. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తనకిక వేయాల్సిన రెండో స్టెంటు గురించి ఆయన ఆ రోజు ఒక్క మాటా అడగలేదు.