సంతకం పెట్టని కీమేన్ మావ

కీమేన్ మావ పోయాడు. మంగళవారం పొద్దున్న ఆరూ పది దాటినా మా వరండా ముందు కర్ర చప్పుడు వినపడలేదు. టీ గ్లాసు చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాను. ఇరవై అయింది. ముప్పై అయింది. లేచి చొక్కా తగిలించుకుంటుంటే అత్త గుమ్మంలోకి వచ్చి, "మీ మావ లేవలేదు నాయనా" అంది. అంతే అంది.

ఎనభై దాటిన మనిషి నిద్రలో పోయాడు. అందుకు నాకు ఎవరి మీదా కోపం లేదు. నా కోపం ఆ మధ్యాహ్నం జరిగినదాని మీద. ఖరగ్‌పూర్‌లోని మా రైల్వే బస్తీ నుంచి శ్మశానానికి యూనివర్సిటీ స్థలంలోంచి అడ్డదారి ఉంది. పది నిమిషాల నడక. దాని మొదట్లో ఉన్న చిన్న గేటుకు తాళం వేసి ఉంది. గార్డు మా వాడే అనుకోండి, ఇన్నేళ్లుగా చూస్తున్నాం. పాపం పైవాళ్లకు ఫోన్ చేశాడు. రెండుసార్లు చేశాడు. చివరికి తల దించుకుని, "ఆర్డర్ నహీ హై దాదా" అన్నాడు. పాడె ఎత్తుకుని గోడ పొడుగునా ఎండలో చుట్టూ తిరిగి వెళ్లాం. ఆయన రోజూ నడిచిన దారి గోడకు అవతల ఉంది. ఆయన ఇవతల ఉన్నాడు.

మన సంఘం పత్రికకు ఆయన గురించి నాలుగు ముక్కలు రాయమన్నారు. నేను నలుగురిలో నోరు విప్పేవాణ్ణి కాను. ఊళ్లో ఐదో తరగతి, ఇక్కడ వర్క్‌షాపులో ఫిట్టరు పని, అదీ నా చదువు. అయినా రాస్తున్నాను. ఆయన విషయంలో నేను చేసిన తప్పు ఒకటుంది. దాన్ని ఇంకొకరు చెప్పేకంటే నేను చెప్పుకోవడం మర్యాద.

ఈ తరం పిల్లలకు కీమేన్ అంటే తెలియకపోవచ్చు. రైలు పట్టాను దాని కింది అడ్డదుంగకు, అంటే స్లీపరుకు, బిగించి ఉంచే ఇనపముక్కను కీ అంటాం. బండ్ల అదురుకు అది సడలుతుంది. రోజూ తెల్లవారకముందే సుత్తి భుజాన వేసుకుని, తన వంతు పట్టా వెంబడి నడిచి, సడలిన ప్రతి కీనీ కొట్టి బిగించేవాడే కీమేన్. ఆ వంతును బీటు అంటారు. నిమ్‌పురా యార్డు అవతల ఆయన బీటు. ఎండనీ వాననీ లేదు. మైళ్లకొద్దీ వెళ్లడం, మైళ్లకొద్దీ రావడం.

అన్నేళ్లు స్లీపరు నుంచి స్లీపరుకు అంగ వేసి, రోడ్డు మీద నడిచినా అదే అంగ. కొలిచినట్టు పడేది అడుగు. పక్కన నడిచేవాడికి ఆయాసం. "పెళ్లిలో ఏడడుగులు కూడా స్లీపరు కొలతే ఏసినాడు, కొంగుముడి ఊడిపోద్దేమో అని నాను పరిగెట్టినాను" అని అత్త ఎన్నిసార్లు చెప్పిందో. చెప్పిన ప్రతిసారీ ఆయన, "ఊడినాదేటి మరి? ఊడలేదు గదా" అనేవాడు.

రిటైరయ్యాక కూడా ఆయనకు బీటు కావాల్సి వచ్చింది. ఆ అడ్డదారినే బీటు చేసుకున్నాడు. ఆ దారి ఎలా పుట్టిందో కొత్తగా వచ్చినవాళ్లకు తెలియాలి. మా బస్తీ ఇటు, బడీ బజారూ అటు, మధ్యలో యూనివర్సిటీ మైదానం. అప్పట్లో గోడ లేదు. వానాకాలంలో మోకాటి లోతు బురద. ఆవిరి ఇంజన్ల షెడ్డు నుంచి బొగ్గు బూడిద తట్టలకెత్తి, డ్యూటీ దిగాక మా వాళ్లు పరిచిన దారి అది. మావ అప్పుడు కొత్తగా చేరిన కుర్రాడు, ఆయనా మోశాడు. ఎవరూ అడగలేదు, ఎవరూ వద్దనలేదు. యూనివర్సిటీ వాళ్ల పిల్లలు కాళ్లకు బురద అంటకుండా ఆ నల్లదారి మీదే బడికి వెళ్లారు. వాళ్ల ఇళ్లలో వంట చేయడానికి మా ఆడవాళ్లు ఆ దారినే వెళ్లారు. సాయంత్రం మైదానంలో వాళ్ల విద్యార్థులూ మా పిల్లలూ ఒకే బంతిని తన్నారు. ఏటా అమ్మవారి జాతరకు, ఇక్కడ మాతా పూజ అంటాం, ఘటాలు ఆ దారినే వచ్చేవి. ఇదంతా ఎవరి దయ వల్లనో జరుగుతోందని మాకు ఎవరూ చెప్పలేదు.

మావ రోజూ పొద్దున్న ఆ దారి వెంట వెళ్లి, గుంట పడినచోట ఇటుకముక్క వేసి, ముళ్లకంప ఉంటే కర్రతో తీసి పారేసి వచ్చేవాడు. "సూడని కీ ఊడిపోద్ది, నడవని దారి మూసుకుపోద్ది" అనేవాడు. ఆ మాట అప్పుడు నాకు ముసలివాడి మాటలా వినిపించింది.

తరవాత గోడ వచ్చింది. గోడకు గేటు వచ్చింది. గేటు పక్కన స్టూలు, స్టూలు మీద గార్డు, గార్డు ఒళ్లో రిజిస్టరు వచ్చాయి. పేరు రాయాలి, ఎక్కడి నుంచో రాయాలి, ఏం పని మీదో రాయాలి. మేం రాశాం. మావ రాయలేదు. గార్డు బెంగాలీ, మావది తెలుగు, మధ్యలో హిందీ. మావకు హిందీ అర్థమవుతుంది గానీ జవాబు మాత్రం తెలుగులోనే, చెయ్యి చూపిస్తూ. మొదటి రోజు నేను పక్కనే ఉన్నాను.

"కహాఁ సే, దాదూ?"

"ఇటు నుంచి."

"జానా కహాఁ?"

"అటుకి."

"కామ్ క్యా హై?"

"నడవడం."

గార్డు నవ్వేశాడు. ఆ తరవాత ఆయన్ని అడగడం మానేశాడు. నేను మాత్రం, "రాసేస్తే ఏటి పోద్ది మావా, ఒక్క గీత" అన్నాను. "సుట్టాలింటికెల్తే పేరు సెప్పుకోవాల. మన పెరట్లోకి మనం ఎల్తే పేరు రాస్తామేటిరా అల్లుడా?" అన్నాడు.

ఆ ఏడు మాతా పూజకు ఘటాలు ఎత్తుకున్న ఆడవాళ్లను గేటు దగ్గర నిలబెట్టారు. పసుపు నీళ్లు కారుతున్న పాదాలతో, నెత్తిన బరువుతో, అందరి పేర్లూ రాసేదాకా ఆగాలన్నారు. పైనుంచి ఒక కొత్త సూపర్‌వైజరు వచ్చి నిలబడ్డాడు కాబట్టి గార్డుకు రిజిస్టరు తెరవక తప్పలేదు. అప్పుడు మావ ముందుకు వచ్చి, "రాసుకో దాదా, మొదటిది నాను సెప్తాను. పేరు అమ్మోరు. ఊరు ఖరగ్‌పూర్. పనేటంటావా, మమ్మల్నీ మిమ్మల్నీ కాయడం" అన్నాడు. ఆడవాళ్లు ఘటాలు పట్టుకునే నవ్వారు. ఎవరో ఆ మాట హిందీలో చెప్పగానే సూపర్‌వైజరు పక్కకు తప్పుకున్నాడు. నేనూ నవ్వాను. అమ్మవారిని ఆపిన గేటు దగ్గర మేం నవ్వుకుని ఊరుకున్నాం.

ఇక నా తప్పు.

యూనివర్సిటీకి కొత్త అధికారి వచ్చాడు. గుంటూరు వైపు మనిషి, మన తెలుగాయనే. వచ్చిన నెలలోనే గోంగూర పచ్చడి దొరుకుతుందా అని వెతుక్కుంటూ మా బస్తీకి వచ్చాడు. అత్త జాడీ నిండా పెట్టి ఇచ్చింది. మనవాడు వచ్చాడు, ఇక మన మాట వింటారు అనుకున్నాం. కొన్నాళ్లకు ఆయన ఒక బల్ల, కుర్చీలు, కాగితాల కట్ట పెట్టించుకుని మా బస్తీలో కూర్చున్నాడు. "రోజూ ఈ రిజిస్టరు బాధ ఎందుకండీ మీకు? అందరికీ పాసులు ఇచ్చేస్తాం. ఇంటికి ఒకే పాసు, ఇంటిల్లిపాదికీ చెల్లుతుంది. ఇంటిపెద్ద సంతకం ఒక్కటి చాలు" అన్నాడు. టీ కూడా ఇప్పించాడు.

పాసు అన్నాడు చూడండి, అక్కడ పడిపోయాం. రైల్వేవాడికి పాసంటే ఏమిటో మీకు చెప్పనక్కర్లేదు. పెళ్లాం పిల్లల పేర్లతో సహా రాసి ఇచ్చేది. దాంతోనే టికెట్ కొనకుండా ఊరెళ్లాం, పెళ్లిళ్లకు వెళ్లాం, అమ్మను కడసారి చూడ్డానికి వెళ్లాం. పాసు క్లర్కు వేలు పెట్టి చూపించిన చోట సంతకం పెట్టడమే గానీ, ఆ కాగితంలో ఏముందో మేం ఎవరం ఏనాడూ చదవలేదు. చదవాల్సిన అవసరం రాలేదు. అది మా రెక్కల కష్టం ఇచ్చిన హక్కు. ఆ అలవాటుతో నేను వెళ్లి బల్ల ముందు వంగాను. ఆయన వేలు పెట్టాడు. నేను సంతకం పెట్టాను. అందరికంటే ముందు పెట్టాను. మాట్లాడని మనిషి, పెద్దవాడు, ఆయనే పెట్టాడు కదా అని నా వెనక లైను కట్టారు.

మావ చివర్న కర్ర ఆనించుకుని నిలబడ్డాడు.

"ఏటి రాసినాడ్రా అందులో?"

"పాసు మావా. ఇంటిల్లిపాదికీ ఒకటే."

"సదివినావా?"

"పాసులో సదివేదేటుంటాది మావా?"

ఆయన తన కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆయన కూతురు ఖరిదాలో బడిపంతులమ్మ. సాయంత్రం వాళ్ల వరండాలో కూర్చుని ఆ ఇంగ్లీషు మాకు తెలుగులో చదివి చెప్పింది. ఈ స్థలం మీద గానీ ఈ దారి మీద గానీ నాకు ఏ హక్కూ లేదు, సంస్థ దయతో ఇచ్చిన అనుమతి మీదనే నడుస్తున్నాను, ఆ అనుమతిని వాళ్లు ఎప్పుడైనా తీసేసుకోవచ్చు, ఇది నేను ఇష్టపూర్వకంగా ఒప్పుకుంటున్నాను. అదీ పాసు.

మావ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. కాగితం మళ్లీ మడుస్తూ, "రైలు పాసు నువ్వు పని సేసినందుకు ఇచ్చినార్రా. ఈ పాసు ఏటి సేసినావని ఇచ్చినారు? నీ దారి నీకే ఇచ్చి, నీ సేత దండం ఎట్టించుకున్నారు" అన్నాడు.

ఎంతో కాలం పట్టలేదు. లోపల సైకిళ్లు పోతున్నాయని పాసులన్నీ రద్దు చేసి గేటుకు తాళం వేశారు. ఎవరు దొంగిలించారో ఎవరికీ తెలియదు. అయినా బస్తీ బస్తీ అంతా దొంగలమైపోయాం. చదువుకునే పిల్లలు క్షేమంగా ఉండాలి, సామాన్లు భద్రంగా ఉండాలి, ఆ మాట మేమూ కాదనం. కానీ బూడిద మోసి దారి వేసినవాణ్ణీ, సైకిలు ఎత్తుకుపోయినవాణ్ణీ ఒకే తాళంతో బంధించడం ఏ చదువులో ఉంది? బడికి వెళ్లే చిన్నపిల్లలు ఇప్పుడు లారీలు తిరిగే రోడ్డు మీద చుట్టూ తిరిగి వెళుతున్నారు. వాళ్ల క్షేమం ఎవరి రిజిస్టర్లో రాస్తారు?

మావా నేనూ ఆ అధికారి దగ్గరికి వెళ్లాం. కుర్చీ వేయించాడు, మంచినీళ్లు ఇచ్చాడు. మర్యాదకు లోటు చేసే మనిషి కాదు.

"పెద్దాయనా, మీరు అర్థం చేసుకోవాలి. రూల్స్ అండీ" అన్నాడు.

"బాబూ, నువ్వు గోంగూరకి మా ఇంటికొచ్చినావు. మా గుమ్మంలో రిజిస్టరెట్టినామేటి?"

"అది వేరండీ, ఇది వేరు."

"ఏటి వేరు?"

ఆయన ఫైలు తెప్పించి తిరగేశాడు. "మీవాళ్లే ఒప్పుకుని సంతకాలు చేశారండీ. ఇదిగో, మొదటిదే చూడండి" అన్నాడు. అది నాది. వంకర టింకర అక్షరాలు, ఐదో తరగతి సంతకం. నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

బయటికి వచ్చాక మావ నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఊడిన కీని తిట్టుకుంటా కూకుంటే బండి ఆగదురా. కొట్టి బిగించాల" అన్నాడు.

బిగించడానికే చూశాడు. ఝపటాపూర్‌లో ఒక వకీలు దీదీ ఉంది. కాగితాలన్నీ చూసి, సంతకం పెట్టినవాళ్ల మాట కోర్టులో తేలిపోతుంది, పెట్టని మనిషి ఉన్నాడు కదా, ఆయన పేరుతో కేసు వేద్దాం అంది. కాగితాలు తయారవుతున్నాయి. ఈలోగా ఆయన బీటు మానలేదు. రోజూ ఆరూ పదికి మా వరండా దాటి, మూసిన గేటు దాకా వెళ్లి, కర్ర చివరి ఇనప పొన్నుతో గేటు ఊచను మూడుసార్లు కొట్టి, చెవి ఒగ్గి విని, వెనక్కి వచ్చేవాడు. పట్టా బాగుందో పగిలిందో కీమేన్‌కు చప్పుడే చెబుతుంది. "ఏటంటన్నాది మావా గేటు?" అని అడిగితే, "ఇంకా సడల్లేదు, రేపు మళ్లీ సూద్దాం" అనేవాడు. వకీలు దీదీ దగ్గరికి శుక్రవారం వెళ్లాలి. మంగళవారం ఆయన లేవలేదు.

సంతకం పెట్టని ఒక్కడూ పోయాడు, ఇక ఆ దారి కథ ముగిసింది అనుకున్నారు బస్తీలో. నేనూ అనుకున్నాను.

మూడో రోజున ఆ అధికారి పరామర్శకు వచ్చాడు. ఖాళీ గోంగూర జాడీ శుభ్రంగా కడిగించి తెచ్చాడు. మంచి మనిషండీ, అరుదైన మనిషండీ అన్నాడు. అత్త జాడీ అందుకుని, "సుట్టూ తిరిగొచ్చినావా బాబూ, సిన్నగేటు ఇప్పించుకుని వచ్చినావా?" అని అడిగింది. ఆయన నేల చూశాడు. ఆయన చెప్పుల అంచున నల్ల బూడిద అంటి ఉంది. శవానికి తెరవని తాళం ఆయన పరామర్శకు తెరిచారు. అత్త లోపలికి వెళ్లి జాడీ బోర్లించింది.

పెద్దకర్మ నాడు మావ కూతురు పంతులమ్మ ఆ పాత కాగితం మళ్లీ తీసి చదువుతూ చదువుతూ ఆగింది. "ఇంటిపెద్ద అనే ఉంది ఇందులో" అంది. మగవాళ్ల పేర్లే ఉన్నాయి. ఆ దారి మీద మాకంటే ఎక్కువ నడిచింది ఆడవాళ్లు. వంటలకూ, బజారుకూ, పిల్లల్ని బడిలో దింపడానికీ, ఘటాలతో అమ్మవారి వెంటా వాళ్లే నడిచారు. వాళ్లను ఎవరూ ఒక్క సంతకం అడగలేదు. అడగదగ్గవాళ్లని కూడా అనుకోలేదు.

అత్త గోడకు ఆనుకుని వింటోంది. "నానేటి సంతకం ఎట్టలేదు గదా" అంది.

మర్నాడు పొద్దున్న ఆరూ పదికి మా వరండా ముందు కర్ర చప్పుడు వినిపించింది. టీ గ్లాసు కింద పెట్టి బయటికి వచ్చాను. అత్త. నెల తిరక్కుండా గడప దాటకూడదని ఇరుగుపొరుగు ఆడవాళ్లు చేయి పట్టి ఆపబోతే, "పన్నెండు దినాలైనాది, బీటు ఖాళీగా ఉంది" అంటోంది. బతికినంత కాలం ఆయన అంగల వెనక పరిగెత్తిన మనిషి, ఆయన కర్ర పట్టుకుని తన చిన్న అడుగు తాను వేసుకుంటూ వెళుతోంది. ఆపబోయిన వాళ్లే వెనక నడిచారు. వాళ్ల వెనక నేను.

గేటుకు తాళం అలాగే ఉంది. అవతల గడ్డి ఎదుగుతోంది, కానీ మధ్యలో నల్లటి గీత ఇంకా కనిపిస్తోంది. గార్డు స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు. ఒళ్లోని రిజిస్టరు జారి కింద పడింది. వంగి తీసుకోలేదు.

అత్త కర్ర ఎత్తి ఇనప ఊచను మూడుసార్లు కొట్టింది. తల పక్కకు వంచి, ఆ మోత ఆగేదాకా విన్నది.