పెద్దాయన పోయిన రోజు మా గ్రూపులో

చల్లపల్లిలో బ్యాంకు పనిలో ఉండగా ఫోన్‌లో ఆ వార్త చూశాను. ఇంగ్లండులో ఒక పాత రాక్ బ్యాండులో కీబోర్డు వాయించిన పెద్దాయన పోయాడు. నా ముఖం చూసి పక్క సీటాయన, "మీకు బాగా కావాల్సినోళ్ళాండీ?" అని అడిగాడు. అవునన్నాను. మధ్యాహ్నం సెలవు పెట్టి విజయవాడ బస్సెక్కాను.

కాలేజీ రోజుల్లో మేం ముగ్గురం ఆయనకి అభిమానులం. ఒకడికి విజయవాడ ఆటోనగర్‌లో, వాళ్ళ నాన్న నాటి నుంచీ, గేర్‌బాక్సులు బాగుచేసే షెడ్డుంది. వాళ్ళ మేనమామ కువైట్ నుంచి తెచ్చిన క్యాసెట్‌తోనే ఈ పిచ్చి మొదలైంది. ఆదివారాలు మూసి ఉన్న షెడ్డులో గ్రీజు వాసన మధ్య కూర్చుని వినేవాళ్ళం. పాటల్లోని ఇంగ్లీషు మాకు సగం అందేది కాదు. కీబోర్డు మాత్రం పూర్తిగా అందేది. మూడోవాడు కళ్ళు మూసుకుని, ఒళ్ళో పెట్టుకున్న సంచీ మీద వేళ్ళాడించేవాడు. తర్వాత గన్నవరంలో స్కూలు మాస్టారయ్యాడు. కరోనాలో పోయాడు. ప్లాస్టిక్‌లో చుట్టి తెచ్చిన వాణ్ణి మేమిద్దరం శ్మశానం గేటు బయట నుంచే చూశాం.

నేను వెళ్ళేసరికి షెడ్డులో పని ఆపేసి ఉంది. నా స్నేహితుడు స్టూలు జరిపి, చిన్న స్పీకర్లో ఆ పాత పాట పెట్టాడు. ఆ బ్యాండు అభిమానులకి వాట్సాప్‌లో ఒక గ్రూపుంది. హైదరాబాదు వాళ్ళూ వైజాగు వాళ్ళూ వరసగా ఫొటోలు పెడుతూనే ఉన్నారు.

అంతలో బయట ఆటో ఆగింది. మాస్టారి భార్య దిగింది. చేతిలో వాడి ఫోనుంది.

"అన్నయ్యా, పొద్దుట్నుంచీ ఈయన ఫోను మోగుతానే ఉంది. అన్నీ ఇంగ్లీషు మెసేజులు. ఎవరో పోయారని తెలుస్తంది. మీ ఇద్దర్లో ఎవరికన్నా ఏమన్నా అయిందేమోనని..." ఆమెకి ఊపిరాడటం లేదు.

"ఫోన్ చెయ్యలేకపోయావామ్మా?" అన్నాడు నా స్నేహితుడు.

"భయమేసిందన్నయ్యా. ఎవరెత్తుతారో అని."

కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, సంగతి చెప్పాం. ఆగకుండా మోగుతున్న స్పీకర్ వంక చూసింది.

"ఈయనేనా పోయింది?"

"ఈయనేనమ్మా."

కీబోర్డు ఒక్కటే సాగే చోటు వచ్చింది. ఆమె కాసేపు విని, "ఇక్కడికొచ్చేసరికి మా ఆయన నన్ను మాట్లాడనిచ్చేవారు కాదు," అంది. పాట పూర్తికాకముందే తలదించుకుంది. "ఆపండన్నయ్యా."

ఆపేశాం. పక్క షెడ్డులో గ్రైండరు చప్పుడు వినిపించింది. నా స్నేహితుడు మాసిన గుడ్డతో ముఖం కప్పుకుని ఏడవటం మొదలుపెట్టాడు. "ఎక్కడో ఉన్న ముసలాయన కోసం ఇంత చేస్తన్నాం. వాడు పోయినప్పుడు మనం కూర్చుని ఏడ్చిందే లేదురా," అన్నాడు.

ఆమె లేస్తూ, "ఆ గ్రూపులోంచి ఆయన పేరు తీసెయ్యండి. ఇది మోగినప్పుడల్లా తట్టుకోలేకపోతన్నాను," అంది.

గ్రూపు నడిపేది మా వాడే. కళ్ళు తుడుచుకుని పేరు వెతికి పట్టుకున్నాడు. వేలు మాత్రం ఆడలేదు. ఫోను నా చేతికిచ్చి, "నువ్వు తియ్యరా," అన్నాడు.

తీసేశాను.